మొక్కు లేని కొండ

మావయ్యగారు పోయిన తర్వాత మా అత్తయ్య ఆయన మాట ఎత్తడం మానేసింది. ఎవరైనా ఎత్తితే లేచి వంటింట్లోకి వెళ్ళిపోయేది. ఆయన పోయింది వేసవిలో. పత్తి తీతలు మొదలయ్యేసరికి ఆవిడ తిండి కూడా సగమైంది. ఏటా రెండో తీత అయ్యాక ఇద్దరూ ఏదో ఒక దేవుడి కొండకి వెళ్ళొచ్చేవాళ్ళు. ఈసారి అదీ లేదు. మనిషి పోయిన ఏడాది లోపు ఆ ఇంటివాళ్ళు దేవుడి కొండ ఎక్కకూడదని మా ఇళ్ళల్లో పట్టింపు.

నేను బళ్ళో చదివింది పదో తరగతి దాకానే. మిగతా చదువంతా చిలకలూరిపేట లైబ్రరీలో, బజారు పనికని వెళ్ళి చదువుకున్నది. అందులో చాలా భాగం నాకు ఉపయోగపడింది. ఈ చలికాలం పాడేరు వైపు కొండల గురించి చదివాను. రాత్రి పూట చల్లబడిన గాలి బరువెక్కి లోయల్లోకి దిగుతుందట. మబ్బు అక్కడే కడుతుందట. తెల్లారి కొండ మీద నిలబడితే మబ్బులు మన కాళ్ళ కింద ఉంటాయి. ఆ పేజీ దగ్గరే నాకు తట్టింది. ఎక్కకూడనిది దేవుడి కొండ. ఇది ఉత్త కొండ.

"దేవుడు లేని కొండకి పోయి ఏం చేస్తామే?" అంది అత్తయ్య.

"చూస్తాం అత్తయ్యా."

"చూసి?"

"చూసి వచ్చేస్తాం."

జ్వరం వచ్చినవాళ్ళని చూసినట్టు చూసింది నన్ను. కాని వద్దనలేదు.

మావయ్యగారి అక్కని నేను పెద్దమ్మ అంటాను. పక్క వీధిలోనే ఉంటుంది. "నా మరదల్ని నీ ఒక్కదానితో పంపను. పుస్తకం చూసుకుంటూ లోయలో పడేస్తావు" అని తనూ బయల్దేరింది. మగవాళ్ళు పొలం పనుల్లో ఉన్నారు. ముగ్గురం ఆడవాళ్ళం కారు మాట్లాడుకుని వెళ్ళాం. అనకాపల్లి దాటాక కనపడిన ప్రతి గుట్టకీ పెద్దమ్మ "ఇదేనా?" అని అడిగింది. ఘాట్ ఎక్కేటప్పుడు మాత్రం కళ్ళు మూసుకుంది. అత్తయ్య కిటికీ వైపు తిరిగి కూర్చుంది. చూస్తోందో లేదో నాకు తెలియలేదు.

మర్నాడు వెలుగు రాకముందే నడక మొదలుపెట్టాం. చలికి మాటలు కూడా ముద్దగా వస్తున్నాయి. పెద్దమ్మ రెండు స్వెట్టర్లు తొడుక్కుని తలకి తువ్వాలు చుట్టుకుంది. సగం దూరం ఎక్కాక దారి పక్క చెట్టు కింద ఒక రాయి కనపడింది. పసుపు పూసి, బొట్లు పెట్టి ఉంది. ముందు నాలుగు గాజులు, ఒక కోడి ఈక.

అత్తయ్య ఆగిపోయింది.

"అయిపోయింది" అంది పెద్దమ్మ. "ఇదీ దేవుడి కొండేగా! ఏమే, నీ పుస్తకంలో ఈ తల్లి లేదా?"

నిజంగా లేదు. అయినా నేను వాదించాను. "ఇది గుడి కాదు పెద్దమ్మా. ఏడాది పట్టింపు గురించి కూడా చదివాను, ఒక్కొక్కచోట ఒక్కోలా ఉంది."

"పసుపు పూశారు, బొట్టు పెట్టారు. ఇంకేం కావాలి నీకు, ఆధార్ కార్డా? ఎక్కడెట్టా ఉన్నా మా ఇంట్లో ఒకటే లెక్క."

"ఎందుకులే వదినా గొడవ" అంది అత్తయ్య. "మీరు ఎక్కండి. నేనిక్కడ కూచుంటా."

దారి పక్క బండ మీద చతికిలబడింది. ఆ పట్టింపు కోడలిగా నాకూ ఉంది, కాని నా దిగులు అది కాదు. ఇక్కడి నుంచి వెనక్కి తిరిగితే ఈవిడ మళ్ళీ గడప దాటదు. ఇంత దూరం తీసుకొచ్చి, ఇక్కడ కూడా నువ్వు రాకూడదని చెప్పించినట్టయింది. నేనూ వెళ్ళి పక్కన కూర్చున్నాను. కుర్రకారు ఫోన్ల లైట్లు వేసుకుని మమ్మల్ని దాటి పోతున్నారు. తూర్పున ఆకాశం తెల్లబడుతోంది.

కాసేపటికి అత్తయ్య లేచి ఆ రాయికి ఎదురుగా నిలబడింది. చేతులు జోడించలేదు.

"మేం మొక్కడానికి రాలేదమ్మా" అంది. "చూడ్డానికొచ్చాం. దణ్ణం పెట్టను, ఏమీ అడగను. నువ్వూ మమ్మల్ని లెక్కలో వేసుకోకు."

పైట చెంగు ఆ వైపు చెంపకి అడ్డం పెట్టుకుని ముందుకి నడిచింది.

"అట్టా కూడా ఉంటుందా?" అంది పెద్దమ్మ నాతో.

"ఇప్పుడే మొదలైంది పెద్దమ్మా."

పెళ్ళై వేరే ఇంటికి వెళ్ళిన మనిషికి ఆ పట్టింపు లేదు. అయినా పెద్దమ్మ కూడా చెంగు అడ్డం పెట్టుకునే ఆ రాయిని దాటింది.

పైన లోయ లోయంతా తెల్లగా నిండి ఉంది. అవతలి కొండలు మెడల దాకా మునిగి ఉన్నాయి. ఎండ పడిన చోట ఆ తెలుపు కొంచెం కదిలినట్టనిపిస్తోంది. చుట్టూ ఈలలు, సెల్ఫీలు. నేను చల్లగాలి సంగతి వివరించబోయి అత్తయ్య మొహం చూసి ఊరుకున్నాను.

ఆవిడే మొదలుపెట్టింది. "మీ మావయ్యైతే ఇది చూడగానే ఇంటికి ఫోన్ చేసేవాడు."

"ఎందుకత్తయ్యా?"

"కల్లంలో కాయల మీద పట్టాలు కప్పమని."

మిరప పండించేవాళ్ళకి మబ్బంటే ఒకటే. ఆరబోసిన కాయ తడిస్తే తెల్లబడి తాలైపోతుంది. మావయ్యగారు చలికాలమంతా ఆకాశం వైపు మెడ ఎత్తుకునే తిరిగేవారు.

"ఎక్కడో పత్తి కట్టె తగలబెడితే ఆ పొగ చూసి మబ్బనుకున్నాడు ఒకసారి" అంది అత్తయ్య. "మిట్టమధ్యాహ్నం కల్లమంతా కప్పించాడు. ఊరంతా వచ్చి చూసిపోయారు."

"ఆ పట్టా మాదే" అంది పెద్దమ్మ. "ఇంతవరకూ తిరిగివ్వలా."

"నువ్వడగలేదుగా."

"తమ్ముడి దగ్గర పట్టా అడుగుతానా?" అంటూ పెద్దమ్మ నవ్వడం మొదలుపెట్టి, తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చేసింది. అత్తయ్య ఆవిడ వీపు రాస్తూ "ఊరుకో వదినా, ఇంకోసారి ఏం చేశాడో విను" అంది.

ఎండెక్కింది. మబ్బు విడిపోయి కింద ఊళ్ళూ పొలాలూ కనపడుతున్నాయి. చూడ్డానికొచ్చిన వాళ్ళంతా దిగిపోయారు. అత్తయ్య ఇంకా చెబుతూనే ఉంది.