సారు మార్చని బ్యాటు

మా బా నాకు బడి వేళలో ఫోన్ చేయడు. మా తండాలో నాన్నను బా అంటాం. బిడ్డ బడిలో ఉన్నప్పుడు పరేషాన్ చేయొద్దన్నది ఆయన తనకు తాను పెట్టుకున్న నియమం. మొన్న మంగళవారం చిట్యాల బడిలో పిల్లలు ప్రార్థనకు వరుసల్లో నిలబడ్డప్పుడు ఫోన్ మోగింది. తెర మీద బా పేరు చూసి వరుసలు వదిలి పక్కకు వచ్చాను.

"సారు పోయిండు" అన్నాడు. ఏ సారని నేను అడగలేదు. మా ఇంట్లో సారంటే ఒక్కరే.

నేను ఆ బడిలో వ్యాయామ టీచర్ని. మెడలో ఉన్న విజిల్ ఊదబుద్ధి కాక, తీసి పక్క టీచర్ చేతిలో పెట్టి బస్టాండుకు నడిచాను. పరకాల బస్సెక్కి కూర్చున్నాక గానీ ఏడుపు రాలేదు. వచ్చాక ఆగలేదు. పక్కనున్న అవ్వ "ఎవరు బిడ్డా?" అని అడిగింది. మా డ్రిల్లు సారు అని చెప్పాను. ఆమె "డ్రిల్లు సారుకు గింతగనం ఏడుస్తరా?" అంది. నాకు ఒళ్లు మండింది. కానీ ఆమెను అని ఏం లాభం? ఆ బస్సులో ఆమెకు చెప్పలేకపోయింది మీకు చెబుతాను.

కురవి దగ్గర మా ఆశ్రమ పాఠశాలలో సారు మాకు బాల్ బ్యాడ్మింటన్ నేర్పారు. ఈ ఆట చూడనివాళ్లకు రెండు మాటలు. ఇందులో ఈకల కాక్ ఉండదు, పసుపుపచ్చ ఊలు బంతి ఉంటుంది. ఒక్కో జట్టుకు ఐదుగురు. ఆరుబయట మట్టి నేల మీద ఆడతారు. వల దగ్గర నిలబడేవాళ్లకు మణికట్టులో ఒడుపు ఉండాలి, వెనక నిలబడేవాళ్లకు భుజంలో బలం ఉండాలి. నేను వల దగ్గర ఆడేదాన్ని. ఎండు మిరపకాయలా ఉండేదాన్ని కదా, వెనక నిలబెడితే బంతికి కూడా కనబడనని నా స్నేహితురాళ్లు ఆటపట్టించేవాళ్లు.

సారుకు కోపం తక్కువ, చాదస్తం ఎక్కువ. జేబులో ఎప్పుడూ వేయించిన పల్లీలు ఉండేవి. ఒకటి తిని పొట్టు మళ్లీ జేబులోనే వేసుకునేవారు, గ్రౌండులో పడేస్తే ఆయన ప్రాణం ఒప్పదు. బ్యాటు కొనే దగ్గరైతే ఆ చాదస్తం ఇంకా ముదిరేది. ముందు దాని తీగల మీద వేలి కణుపుతో కొట్టి, చెవి దగ్గర పెట్టుకుని వినేవారు. తర్వాత ఒక్క వేలి మీద నిలిపి ఎటు ఒరుగుతుందో చూసేవారు. తల వైపు ఒరిగితే దెబ్బకు మంచిది, పిడి వైపు ఒరిగితే అదుపుకు మంచిది. ఆఖరికి ఆడే పిల్ల చేతికిచ్చి "గాలిల నీ పేరు రాయి" అనేవారు. ఇంటిపేరుతో సహా రాయాలి. చివరి అక్షరానికి వచ్చేసరికి చెయ్యి వణికిందా, ఆ బ్యాటు ఆ పిల్లది కాదు. షాపువాళ్లు విసుక్కునేవాళ్లు, ఆయన వినిపించుకునేవారు కాదు.

ధర దగ్గరా అంతే పట్టింపు. "అగ్గువది ఊకెనే వంకర వోతది. పిరంది కొంటివా, నీ కన్ను బంతి మీద ఉండదు, బ్యాటుకు ఏమైతదో అని దాని మీదనే ఉంటది. నడిమి ధరది చాలు" అనేవారు. బలంగా కొట్టి మురిసిపోయే పిల్లలను చూస్తే నవ్వేవారు. "గట్టిగ కొట్టుడు అందరికస్తది. ఏడ వడాల్నో గాడ వడేసుడే ఆట." నాకు తేలికపాటిది, పిడి వైపు ఒరిగేది కావాలని ఆయన ముందునుంచీ చెబుతూనే ఉన్నారు. నా పాత బ్యాటు చట్రం వంగిపోయి, కొత్తది కొనాల్సిన ఏడాదే తెలంగాణ కోసం సకల జనుల సమ్మె వచ్చింది.

సార్లు సమ్మెలోకి దిగారు. బడికి తాళం పడింది, హాస్టలు ఖాళీ అయింది, బస్సులు ఆగిపోయాయి. నేను పెట్టె సర్దుకుని తండాకు వచ్చాను. మా బా, యాడి, అంటే అమ్మ, హైదరాబాదుకు బిల్డింగు పనికి పోవడానికి మూట కట్టుకుంటున్నారు. "బడే లేదు గద, ఇది గూడ మాతోని వస్తది" అన్నాడు బా. మా తండాలో అట్లా పట్నం పోయిన ఆడపిల్ల మళ్లీ బడి మెట్లెక్కింది లేదు. ఇటుకలు మోస్తూ ఉండగానే ఎక్కడో సంబంధం కుదిరేది, అంతే. అది నాకు తెలుసు, బాకూ తెలుసు. నేను తొమ్మిదో తరగతి.

ఆ రోజుల్లో రోడ్ల మీద వంటా వార్పు జరిగేది. నడిరోడ్డు మీద పొయ్యి పెట్టి, వండుకుని, అక్కడే తిని బండ్లను ఆపేవాళ్లు. మా సారు దానికి ఆటను కలిపారు. కురవి రోడ్డుకు అడ్డంగా వల కట్టించి చుట్టుపక్కల తండాల్లో ఉన్న మమ్మల్ని పిలిపించారు. ఆగిపోయిన లారీల డ్రైవర్లే మా ప్రేక్షకులు. ఎక్కడినుంచో వచ్చిన ఒక సర్దార్జీ డ్రైవరు మాకు పాయింట్లు లెక్కపెట్టేవాడు, ఓడేవాళ్లను చూసి జాలిపడి వాళ్లకు ఎక్కువ వేసేవాడు. అంబులెన్సు చప్పుడు వినబడితే చాలు, సారు విజిల్ వేసేవారు, మేం వల దించేవాళ్లం. అది దాటాక మళ్లీ కట్టేవాళ్లం.

ఒకరోజు ఆట అయిపోయాక బ్యాటు సారు చేతికిచ్చి, వచ్చే వారం పట్నం పోతున్నానని చెప్పాను. ఆయన పల్లీ ఒకటి చేతిలోకి తీసుకుని, తినకుండా మళ్లీ జేబులో వేసుకున్నారు.

మరునాడు పొద్దున్నే సైకిలు మీద తండాకు వచ్చారు. బా మంచం వాల్చాడు.

"బడి ఎప్పుడు తెరుస్తరు సారూ?" అని అడిగాడు.

"తెల్వది."

"మరి బిడ్డను ఈడ ఉంచి ఏం జేయాలె?"

సారు తల వంచుకుని అన్నారు: "బడి మూసింది మేమే. మా కొట్లాటల తప్పు లేదు. కని దాంతోని నీ బిడ్డ సదువు వోతె, రేపు తెలంగాణ వచ్చినా నాకు సంబురం ఏడుంటది?"

బా మూట ముడి బిగించాడు. సారు ఇక బతిమాలలేదు. లేచి సైకిలు పట్టుకున్నాక, ఏదో మరిచిపోయినట్టు అన్నారు. "తోల్కపోతె తోల్కపో. దీని బ్యాటు మాత్రం పాడైంది. కొత్తది కొనాలె. నువ్వు వచ్చి ఏరు."

"నాకేం తెల్సు సారూ బ్యాట్ల సంగతి?"

"గొడ్డలికి కామ కట్టె నువ్వే ఏరుకుంటవు గద. అట్లనే."

సారు మాట కాదనడం మా బా వల్ల కాలేదు. బస్సుల్లేక ముగ్గురం మానుకోట బజారుకు నడిచి పోయాం. సమ్మె వల్ల షాపు షట్టరు సగం దించి ఉంది, వంగి లోపలికి పోవాల్సి వచ్చింది. షాపాయన నడిమి ధరవి బల్ల మీద పరిచాడు. సారు చేతులు వెనక్కి కట్టుకుని గుమ్మం దగ్గరే నిలబడ్డారు. బా ఒక్కొక్కటి తీసి, ఒక కన్ను మూసి చట్రం తిన్నగా ఉందో లేదో చూశాడు. తర్వాత కట్టె కొట్టినట్టు ఊపాడు. షాపాయన తల తప్పించుకున్నాడు. చివరికి అన్నిట్లోకీ బరువైనది, తల లావుగా ఉన్నది తీసి నా చేతిలో పెట్టాడు.

"గిది. దెబ్బ మంచిగ తాకుతది సారూ."

చేతిలో పడగానే నాకు అర్థమైంది, అది నాకు తగదని. అలవాటు ప్రకారం పేరు రాయడానికి చెయ్యెత్తాను. సారు గబుక్కున ముందుకు వచ్చి నా చెయ్యి పట్టుకున్నారు.

"అద్దు. పేరు గీరు ఏం అక్కర్లే. మీ నాయిన ఏరిండు, గిదే మంచిది."

అన్నేళ్లలో సారు ఆ పరీక్ష పెట్టకుండా కొన్న బ్యాటు అదొక్కటే. బా దాన్ని తన తువ్వాలలో చుట్టి తండా దాకా ఎవరికీ ఇవ్వకుండా తానే మోసుకొచ్చాడు.

తెల్లారి నా కంటే ముందు బా రోడ్డు మీదికి వచ్చాడు. తాను ఏరింది ఎట్లా కొడుతుందో చూడాలి కదా! సారు నన్ను వల దగ్గరినుంచి తీసి వెనక నిలబెట్టారు. వెనక ఆడే పొడుగమ్మాయిని ముందుకు తెచ్చారు. ఆ పిల్ల అలిగి నాతో మాట్లాడటం మానేసింది. నేను కొట్టిన బంతులు వలకు తగిలేవి, లేకపోతే లారీ టాపు మీద పడేవి. మణికట్టు వాచింది. సారు భార్య పసుపూ సున్నం కలిపి పట్టు వేసేది. వల దగ్గర ఆడేటప్పుడు నేర్పిందంతా మరిచిపొమ్మని సారు మళ్లీ మొదటినుంచి నేర్పారు. "బ్యాటు బరువును ఆపకు. దాన్ని పోనియ్యి, దాని ఎనుక నువ్వు పో." ఒక బంతి గాలిని చీల్చుకుంటూ అవతలి గీత మీద పడ్డ రోజు, బా పక్కనున్న డ్రైవరు వీపు చరిచి, "నేనే ఏరిన" అని చెప్పుకున్నాడు. పాపం ఆ డ్రైవరుకు తెలుగు రాదు.

పట్నం పోయే జీపు వచ్చినప్పుడు యాడి నా మూట కూడా బయట పెట్టింది. బా దాన్ని తీసి లోపల పెట్టాడు. "అంత మంచి బ్యాటు ఉత్తగ పడి ఉంటదా" అని మా భాషలో గొణిగి, నన్ను మా ముసలవ్వ దగ్గర వదిలిపోయాడు. నా బతుకు ఎటు తిరగాలో అక్కడే తేలింది. సమ్మె అయ్యాక బడి తెరిచారు. జనగామలో జరిగిన జిల్లా జట్టు ఎంపికల్లో నన్ను తీసుకున్నారు, వెనక ఆడే ప్లేయరుగానే. తర్వాత తెలంగాణ వచ్చింది. నా చదువు అయింది, ఈ ఉద్యోగమూ వచ్చింది.

ఉద్యోగం వచ్చినప్పుడు మిఠాయి తీసుకుని సారు ఇంటికి పోయాను. అన్నేళ్లు కడుపులో దాచుకున్న ప్రశ్న అప్పుడు అడిగాను. "ఆ బ్యాటు నాకు సరిపోదని మీకు తెల్వదా సారూ?"

"షాపులనే తెల్సు."

"మరి వేరేది ఎందుకు తీసుకోలె?"

"వేరేది నేను ఏరితె నిన్ను జీపెక్కిస్తుండె మీ నాయిన. జట్టు అటిటు జేస్తె ఏమైంది? ఒక పిల్ల నాలుగు రోజులు అలిగింది, గంతే గద."

 ఆటలో అంత పట్టింపు ఉన్న మనిషి, నా కోసం తన పట్టింపును పక్కన పెట్టారు. మళ్లీ దాని గురించి ఎవరి దగ్గరా చెప్పుకోలేదు.

పోయేముందు రెండేళ్లు ఆయన చేతులు వణికే జబ్బుతో ఉన్నారు. పోయిన ఎండాకాలం మా బడి పిల్ల కోసం కొన్న బ్యాటు చూపించడానికి పోయాను. చేతిలోకి తీసుకుని గాలిలో రాయబోయారు. మొదటి అక్షరమే చెదిరింది. "బ్యాటు మంచిదేనే, చెయ్యే తప్పింది" అని నవ్వి తిరిగి ఇచ్చేశారు. నేనూ నవ్వాను. ఇంటి మూల మలుపు తిరిగాక గోడకు ఆనుకుని ఏడ్చాను.

మొన్న నేను సారు ఉండే మానుకోటలో దిగేసరికే పాడె ఇంటి నుంచి లేచింది. దారిలో ఎదురుగా వచ్చింది. ముందు వైపు ఒక కొమ్ము మా బా భుజం మీద ఉంది. ముసలోడివి, మేం మోస్తాం ఇయ్యమని కుర్రవాళ్లు అడుగుతున్నారు, ఆయన తల అడ్డంగా ఊపుతూ నడుస్తున్నాడు. నన్ను చూశాడు, ఆగలేదు.

దింపుడు కళ్లం దగ్గర పాడె దించారు. పోయిన ప్రాణం పిలిస్తే తిరిగి వస్తుందేమోనని చివరిసారి చెవిలో పిలిచే చోటు అది. సారు కొడుకు వంగి "బాపూ, బాపూ, బాపూ" అని పిలిచి లేచాడు. ఇక ఎత్తుదామని అందరూ వంగారు. అప్పుడు బా వాళ్లను చేత్తో ఆపి, మోకాళ్ల మీద కూర్చుని, సారు చెవి దగ్గర నోరు పెట్టాడు.

"సారూ, బిడ్డ ఒచ్చింది" అన్నాడు.

అని, తన చెవిని సారు నోటి దగ్గరికి తెచ్చి అట్లాగే ఉండిపోయాడు. డప్పులు ఆగాయి. ఎవరూ ఆయనను లెమ్మనలేదు.