ఏనుగు వెనకాల

"నీ ఏనుగు గుమ్మంలోనే మొరాయించింది మరిదీ. లోపలికి రానంటోంది" అంది వదిన, తెర మీంచి చూపు తిప్పకుండానే.

మరిది చెప్పులు విప్పబోయి అక్కడే ఆగిపోయాడు. "మా షాపులో బాగానే తెరుచుకుంది వదినా!"

"అక్కడెందుకు తెరుచుకోదూ, కన్నతండ్రివి కదా. ఇక్కడేమంటోందో విను." మరిది గీసి పంపిన ఏనుగు బొమ్మను తెరవబోతే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ చూపించిన హెచ్చరికను మొదటి అక్షరం నుంచి చివరి చుక్క దాకా పైకి చదివింది. అది ఆమె అలవాటు. అలాంటివి కనబడగానే అందరూ తిట్టుకుంటూ మూసేస్తారు. వదిన మాత్రం ఇంటికొచ్చిన పెద్దమనిషి ఏదో చెబుతున్నట్టు చివరిదాకా వింటుంది. ఫోటో స్టూడియోలో కౌంటర్ దగ్గర కూర్చునే రోజుల్లో, యజమాని భోజనానికి వెళ్ళినప్పుడల్లా ఆయన కంప్యూటర్ ముందు చేరి, ఆ హెచ్చరికల దగ్గరే ఆమె పని నేర్చుకుంది.

"రంగులు సరిపడలేదట. మళ్ళీ అచ్చు రంగుల్లో పెట్టావు కదూ?"

మరిది నాలిక్కరుచుకున్నాడు. బోర్డులు, బ్యానర్లు అచ్చువేసే షాపులో పనిచేసేవాడి చెయ్యి, కొత్త ఫైలు తెరిస్తే చాలు, నాలుగు సిరాల వైపే పోతుంది. తెర మీద ఆడే బొమ్మకు తెర రంగులే కావాలి. కుర్చీ లాక్కుని, తన ల్యాప్‌టాప్‌లో మార్చి మళ్ళీ పంపాడు.

ఈ హడావుడంతా అత్తయ్య కోసం. వదినకు అత్తగారు, మరిదికి అమ్మ అయిన ఆవిడ రేపటితో శిశుతరగతి టీచరు ఉద్యోగం నుంచి రిటైరవుతోంది. బడికొచ్చిన ఏనుగు కథ ఆవిడ ఏళ్ళ తరబడి పిల్లలకు చెబుతూ వచ్చింది. మొన్న మనవరాలికి చెబుతుంటే వదిన చప్పుడు కాకుండా రికార్డు చేసింది. ఆ గొంతుకు బొమ్మలు కదిలించి, రేపు పిల్లల మధ్య కూర్చోబెట్టి ఆవిడకే చూపించాలి. అందాకా ఆవిడకు తెలియకూడదు. కాపురానికొచ్చిన కొత్తలో, "ఇంట్లో ఈ వీడియో కత్తిరింపులేమిటి?" అని చుట్టాలు మూతి విరిస్తే, హాల్లోంచి సోఫా తీయించి ఈ బల్ల వేయించింది అత్తయ్యే. ఆ సంగతి వదిన ఎప్పుడూ ఎత్తదు. వారం నుంచి వచ్చిన పనులన్నీ పక్కనపెట్టి మాత్రం కూర్చుంది.

ఈసారి ఏనుగు లోపలికి వచ్చింది. మరిది వేర్వేరు పొరల్లో గీసిన తొండం, చెవులు, పిల్లలు, తరగతి గది, అన్నీ ఒకే ముద్దగా వచ్చాయి. ఏనుగును కదిపితే బడి కూడా వెంట నడిచింది.

"పొరలన్నీ కలిపేసి తెచ్చుకున్నాను. ఇది నా నిర్వాకం" అని వదిన, విడివిడిగా రావాలని ఎంచుకుంది. చెవులు, తోక, పిల్లలు తెర నడుమ ఒకరి నెత్తిన ఒకరు పడ్డారు.

"ఆఖరి బస్సు అందుకున్నట్టున్నారు!" అన్నాడు మరిది.

వదిన కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వింది. అతను మౌసు మీదికి చెయ్యి చాపితే ఆ చేతి మీద ఒక్కటి వేసింది. "ఆగు. అక్కడ నువ్వొకటి, ఇక్కడ నేనొకటి మార్చామంటే దొంగెవరో తేలదు." సెట్టింగులో ప్రతి పొరనూ దాని సైజులోనే తెచ్చుకోమని ఉంది. బొమ్మ మొత్తం సైజులో తెమ్మని మార్చింది. అందరూ బుద్ధిగా ఎవరి చోటికి వాళ్ళు వెళ్ళిపోయారు. ఏనుగు కడుపు కింద నీడ ఒక్కటీ సిరా ఒలికినట్టు నల్లగా మిగిలింది. మరిది నీడను ఏనుగు పొరలోనే కలిపి మళ్ళీ పంపించాక అదీ దారికొచ్చింది.

ఇయర్‌ఫోన్లు చెరో చెవిలో పెట్టుకుని మొదటి నుంచీ చూశారు. అత్తయ్య గొంతు వెంట ఏనుగు తరగతిలోకొచ్చి, గోడకానుకుని కూర్చుని, పలక అడిగింది. "గంట కొట్టగానే ఏనుగు ఇంటికెళ్ళిపోయింది" అంది గొంతు. వదిన ఏనుగును తలుపు వైపు నడిపించింది.

గోడకు ఏనుగంత కన్నం పడింది.

"వెనకాల గీయలేదా?"

"అక్కడ ఏనుగుంది కదా వదినా, ఎవరికి కనబడుతుందని! బోర్డుల మీద అంతేగా."

"బోర్డు మీది ఏనుగు లేచి వెళ్ళదు నాయనా."

"పోనీ, వెళ్ళలేదని కథ మార్చేద్దాం."

"అత్తయ్య వెళ్ళిందంటోంది. నువ్వెవరివి ఆపడానికి?"

"అయితే తెల్లగోడ వేసేస్తా. క్షణం పని."

"పిల్లలు ఊరుకోరు. అది వాళ్ళ గది, వాళ్ళ గోడ. నువ్వూ ఆ గదిలోనే కదా చదివావు? అక్కడేముండేది?"

మరిది గడ్డం గోక్కున్నాడు. "ఏమో వదినా. నేనెప్పుడూ అమ్మ వైపే చూస్తుండేవాణ్ణి."

వదిన చెవిలోంచి ఇయర్‌ఫోన్ తీసి బల్ల మీద పెట్టింది.

"అత్తయ్య మేడ మీద బట్టలు తీస్తోంది. వెళ్ళి, మీ తరగతిలో వెనక గోడ మీద ఏమేమున్నాయో మాటల్లో పెట్టి అడుగు. ఎందుకని మాత్రం నోరు జారకు. ఆ బట్టల బుట్ట కూడా నువ్వే మోసుకురా. ఊరికే మేడెక్కే రకానివి కాదు, అనుమానం వస్తుంది."