మిషనక్క కట్టిపెట్టిన యంత్రాలు

మా ఆఫీసులో అందరి పుట్టినరోజుకీ కేకు కోసేవారు, మిషనక్కకు తప్ప. ఆమె కాంట్రాక్టు మనిషి. ఏటేటా కాంట్రాక్టు పొడిగించేవారు. పర్మనెంటు మాటెత్తితే "చూద్దాం" అనేవారు. ఆమె మాత్రం ఎవరి కేకైనా ఒక ముక్క నోట్లో వేసుకుని, చెయ్యి తుడుచుకుని, మళ్ళీ పనిలో పడేది.

మాకు వర్చువల్ మిషన్లు తయారుచేసి ఇవ్వడం ఆమె పని, అందుకే ఆ పేరు. అంటే కంప్యూటరు లోపల ఇంకో కంప్యూటరన్నమాట. దాని ఆపరేటింగ్ సిస్టమ్ దానిదే, డేటాబేస్ దానిదే. అన్నీ సర్ది, హార్డ్ డిస్కులో తెచ్చి బల్ల మీద పెట్టేది. కొత్తగా చేరినవాళ్ళు తొలిరోజే కోడ్ రాయగలిగారంటే ఆ డిస్కు చలవే. మిషన్ లేచేలోపు తీరిగ్గా కాఫీ తాగి రావచ్చు. ల్యాప్‌టాప్ ఫ్యాను పిండిమరలా మోగేది. "ఈ వేడికి చొక్కా ఇస్త్రీ చేసుకోవచ్చక్కా" అని ఏడిపించేవాళ్ళం. ఆ మోత లేని ఆఫీసు నాకిప్పటికీ బోసిగానే ఉంటుంది. సగం వాక్యంలో మూత దించి ఇంటికెళ్ళినా, పొద్దున కర్సర్ అక్కడే మిణుకుమంటూ ఉండేది.

తర్వాత కంటైనర్లు వచ్చాయి, అదే పని చేసిపెట్టే తేలికపాటి సాఫ్ట్‌వేర్ డబ్బాలు. ఇక మిషన్లు వద్దని టీమ్ లీడర్ మీటింగు పెట్టి తేల్చేశాడు. అక్కను ఆ మీటింగుకు పిలవలేదు. మిషన్లు పోతే తన ఉద్యోగానికి ఎసరొస్తుందని ఆమెకు తెలుసు. అయినా సెలవు రోజుల్లో కూర్చుని నేర్చుకుని, మా ప్రాజెక్టుకు కంటైనర్ తనే తయారుచేసింది. అది చిటికెలో లేచింది.

మొదటి వారంలోనే గొడవ. మాలో అందరికంటే సీనియర్ ప్రోగ్రామర్ని బావగారనేవాళ్ళం. ఆయన పాత అలవాటుకొద్దీ కోడంతా కంటైనర్ లోపలే దాచుకున్నాడు. కొత్త వెర్షన్ రాగానే పాత కంటైనర్ తీసేశాడు. రాసిందంతా గల్లంతు.

"అక్కా, నా పనంతా మింగేసింది నీ డబ్బా!"

"డబ్బానేం అనకండి బావగారూ. వర్చువల్ మిషన్ సొంతిల్లు, పడేసింది పడేసినట్టే ఉంటుంది. ఇది లాడ్జిలో గది. పునాది, నీళ్ళ ట్యాంకు అందరికీ ఒకటే, అందుకే ఇంత తేలిక. ఖాళీ చేశారో, ఊడ్చేస్తారు. సామాను లోపలే వదిలేసి తాళం ఇచ్చేశారు మరి!"

"ఆ ముక్క ముందే చెప్పొచ్చుగా?"

"మీటింగుకి పిలిచారా నన్ను, చెప్పడానికి?"

అక్క నవ్వేసి, ఆయన కోడ్ ఫోల్డరు బయట సొంత డిస్కులో ఉంటూనే కంటైనర్‌కు కనబడేలా అమర్చింది. ఒక్కో బల్ల దగ్గరికీ వెళ్ళి అందరికీ అలాగే చేసిపెట్టింది.

అందరికీ కుదిరాక అక్కకు హెచ్ఆర్ నుంచి పిలుపొచ్చింది. మిషన్లు లేవు కాబట్టి ఈసారి పొడిగింపు లేదన్నారు. నేనూ బావగారూ వెళ్ళి అడిగాం.

"కంటైనర్ తయారుచేసింది ఆవిడే కదండీ?"

"చేసేసిందిగా!" అన్నాడు హెచ్ఆర్ పెద్దమనిషి.

కంటైనర్ మంచిదే, దానితో నాకు పేచీ లేదు. పని నేర్చుకుని, మాకు నేర్పి, రోడ్డున పడ్డ మనిషి గురించే నా బాధ. అక్కను పర్మనెంటుగా వెనక్కి పిలవాలని వచ్చే సోమవారం పొద్దున మా గేటు ముందు నిలబడుతున్నాం. ఈ రంగంలో ఉన్నవాళ్ళు దయచేసి రండి. రాలేకపోతే, మీ కంటైనర్లు చూసుకునే మనిషి కాంట్రాక్టా, పర్మనెంటా అని కనుక్కోండి. కాంట్రాక్టయితే, నలుగురూ సంతకాలు పెట్టి మీ మేనేజరుకు ఈ వారమే రాయండి.