కడగని క్యూవెట్

మధ్యాహ్నం మూడుంపావుకు ల్యాబుకు చాయ్ వచ్చింది. ఇన్నేళ్లుగా నేను మోస్తున్న బరువు ఆ చాయ్ దగ్గరే మొదలైంది. మీరెవరో నాకు తెలియదు. అందుకే చెప్పగలుగుతున్నాను.

స్రవంతిది సిరిసిల్ల, నాది కోరుట్ల. హైదరాబాదులో ఒకే గైడు దగ్గర పరిశోధన చేసేవాళ్లం. మార్పులు చేసిన డీఎన్ఏ మా పని. దాని రెండు పేటలు వేడికి విడిపోతాయి. మధ్యలో వెండి అయాన్లు చేరితే ఆ పట్టు గట్టిపడి, ఇంకా ఎక్కువ వేడిని తట్టుకుంటాయి. వెండితో చేసే ప్రయోగాలు నావి. ఏ లోహమూ లేకుండా నిలిచే జంటపేట తయారు చేయాలని ఆమె పట్టుదల. ఇద్దరికీ ఒకటే క్యూవెట్, చిన్న క్వార్ట్జ్ గిన్నె. వెండి దాని గోడలకు అంటుకుంటుంది. నా పని అయ్యాక యాసిడ్‌తో కడిగి ఇవ్వాలి. ఆ రోజు ఉత్త నీళ్లతో కడిగాను.

"చాయ్ అనంగనే ఉర్కుతున్నవ్! గా క్యూవెట్ యాసిడ్‌తోని కడిగినవానే?"

"కడిగిన తియ్యే. నువ్వేమన్న మా అత్తవా?"

"అత్తనైతె ముందుగాల నీ చాయే బంద్ చేస్తుంటి."

ఆ సాయంత్రం ఆమె డీఎన్ఏ ఎంత వేడికీ విడిపోలేదు. లోహం లేకుండానే నిలిచిందని పొంగిపోయింది. గైడు కొత్త క్యూవెట్‌లో మళ్లీ చేయించాడు. కొద్ది వేడికే విడిపోయింది. అంకెలు కల్పించావని అందరి ముందు అన్నాడు.

గోడలకు మిగిలిన నా వెండే ఆమె పేటలను పట్టి ఉంచిందని నాకు అప్పుడే తెలిసిందా? తెలిసింది. నోరు తెరిస్తే నా వెండి ఫలితాలనూ అనుమానిస్తారని, నా పరిశోధనా ఆగిపోతుందని భయపడ్డాను. స్రవంతి నన్ను ఒక్కసారి కూడా అనుమానించలేదు. కడిగానన్నాను కదా. తప్పు తనలోనే వెతుక్కుంది.

చదువు మానేసి ఇంటికి వెళ్లిపోయింది. మరుసటి వానాకాలం జ్వరంతో పోయింది. నా వల్లే పోయిందని అనను. అలా అనుకోవడం నన్ను నేను పెద్ద చేసుకోవడమే అవుతుంది. కానీ అబద్ధాలకోరు అనే పేరుతో పోయింది. పరామర్శకు వెళితే, సాంచాలు, అంటే మరమగ్గాలు, నడిపే వాళ్ల నాన్న పక్కకు పిలిచి అడిగాడు: "నా బిడ్డ నిజంగనే దొంగలెక్కలు రాసిందా, బిడ్డా?"

తెలియదన్నాను.

లేదు, రాయలేదు. ఆయనకు చెప్పాల్సిన జవాబు ఇది. ఆయన కూడా ఇప్పుడు లేడు. మీకు చెప్పినంత మాత్రాన అది ఆయనకు చేరదు. చెప్పాక మాత్రం ఊపిరి కొంచెం ఆడుతోంది.

ఇప్పుడు జగిత్యాలలో కెమిస్ట్రీ చెబుతున్నాను. క్యూవెట్లు నేనే యాసిడ్‌తో కడుగుతాను. కడిగాక కాసేపు అక్కడే నిలబడతాను. కడిగినవా అని ఎవరూ అడగరు.