ఆమెన్ అంటేనే నడిచే డెమో

ఖమ్మంలో మిర్చి బిల్లులు కొట్టే మా సాఫ్ట్‌వేర్ వెబ్‌సైట్‌కు డెమో వీడియో చేస్తుంటే, గొంతు ఇచ్చింది మా అకౌంట్స్ అక్క. ఆదివారం చర్చిలో వాక్యం చదివే మనిషి కదా, ప్రతి ముక్కకూ ఆగి మా "ఆమెన్" కోసం చూసేది.

"అక్కా, ఇది ప్రార్థన కాదు," అన్న నేను.

"అవ్, ఎరుకే. మీరు అనకుంటే నాకు ముందటికి నడవదు," అన్నది.

సాయంత్రంలోపు వీడియో పంపకపోతే సాఫ్ట్‌వేర్ కొందామని చూస్తున్న మిర్చి యార్డు సేటు చేజారిపోతడు. ఏం చేస్తం, ఆమెన్ అన్నం.

ఆఖరికి బిల్లు తెరుచుకోక, తెర మీద చక్రం తిరుగుతనే ఉంది. అక్క కండ్లు మూసుకొని, "ప్రభువా, ఈ చక్రం ఆపు," అన్నది. ఆగింది. బిల్లు వచ్చింది. వీడియోల ఆ ప్రార్థన ముక్క కోసే టైం లేక అట్లనే పంపినం.

సేటు ఫోన్ చేసి ఒక్కటే అడిగిండు: "సాఫ్ట్‌వేర్‌తోని ఆ అక్క కూడ వస్తదా?"