పెద్ద మేడమ్ గది పైకెక్కింది

ఆ బడిలో పెద్ద మేడమ్ చెప్పందే పూచికపుల్ల కూడా కదిలేది కాదు. సుద్దముక్క కావాలన్నా, కిటికీ తెరవాలన్నా ఆవిడ గదికి రావలసిందే. లెక్కల మాస్టారైతే ఏమడిగినా "అడిగొస్తానండీ" అనేవాడు. చివరికి ఆయన పేరే 'అడిగొస్తా' అయిపోయింది. ఇంతాచేసి ఆవిడ కూడా ప్రతిదానికీ పైఆఫీసును అడిగే మనిషే.

అలాంటి చోట దర్జీ కూతురు కాలు విరగ్గొట్టుకుంది. ఆ పిల్ల చదివే పదో తరగతి ఉండేది మేడమీద. తండ్రి కొన్నాళ్ళు వీపున మోసి ఎక్కించాడు. ఆఖరికి నడుం పట్టేసి, ఇక చదువు మానిపించేస్తానన్నాడు. తరగతిని కిందికి దింపుతానని మేడమ్ పైఆఫీసుకు రాసింది. ఆలోచిస్తామని జవాబొచ్చింది. వాళ్ళ ఆలోచన తెమిలేసరికి పిల్లకు జుట్టు నెరుస్తుంది.

కింద ఖాళీ చెయ్యగల గది ఒక్కటే, ఆవిడది. మర్నాడే తన బల్లా కుర్చీ పైకి పంపి, పదో తరగతిని కిందికి దింపేసింది. అసలే కీళ్ళనొప్పుల మనిషి. ఒక్కో మెట్టునూ తిట్టుకుంటూ ఎక్కేది.

చిత్రమేమిటంటే, సుద్దముక్క కోసం అన్ని మెట్లెక్కే ఓపిక ఎవరికీ లేకపోయింది. కిటికీలు అడక్కుండానే తెరుచుకున్నాయి. ఎవరూ రాకపోవడం మొదట్లో ఆవిడకు చిన్నతనంగా ఉండేది. తర్వాత హాయిగా ఉంది.

ఇంతలో తనిఖీకి ఇన్‌స్పెక్టరు వచ్చాడు. భారీ మనిషి, మేడెక్కేసరికి తలప్రాణం తోకకొచ్చింది. మంచినీళ్ళు తాగి, ఎవరి అనుమతితో గదులు మార్చారన్నాడు. ఎవరిదీ లేదంది మేడమ్. ఇప్పుడే తరగతిని పైకి పంపమన్నాడు.

"ఆ పిల్లకు మీరే చెప్పండి సార్. నాకు నోరు రాదు."

ఆయన దిగాడు. రెయిలింగు పట్టుకుని వెనకాలే దిగుతున్న మేడమ్ సగంలో ఆగిపోయింది. కింద గుమ్మంలో ఉన్నది అడిగొస్తా మాస్టారు. ఇంకేముంది, పిల్ల చదువు అయిపోయిందనుకుంది.

గది ఖాళీ చెయ్యమన్నాడు ఇన్‌స్పెక్టరు. మాస్టారు గదిలోకి చూశాడు. దర్జీ కూతురు చంకలో కర్ర పెట్టుకుని బోర్డు మీద లెక్క చేస్తోంది.

"కుదరదండీ," అన్నాడు.

"మీ పెద్ద మేడమ్‌ని అడగరా?"

"అడగక్కర్లేదండీ. క్లాసు నాది. ఆ పిల్ల లెక్క అయ్యేదాకా కాస్త పక్కన నిలబడండి."

ఇన్‌స్పెక్టరు నిలబడ్డాడు. లెక్క పెద్దది. మధ్యలో తప్పొస్తే మాస్టారు మళ్ళీ మొదటినుంచీ చేయించాడు. చూసి చూసి, బస్సు తప్పిపోతుందని ఇన్‌స్పెక్టరు వెళ్ళిపోయాడు.

మేడమ్‌కు ఏడుపొచ్చేంత సంతోషమైంది. కిందికి దిగాల్సిన పనేమీ లేదు. దిగిన మెట్లే మళ్ళీ ఎక్కింది.