యారాలు ఎంచిన మిషన్

నా పాత కుట్టు మిషన్‌ను మా మరిది పగలగొట్టిన ఆదివారం, మేమంతా చర్చి నుంచి ఒకే ఆటోలో ఇంటికి వచ్చాం. గుండ్లపోచంపల్లిలో మా మామగారు కట్టిన ఇంటిని అన్నదమ్ములిద్దరూ రెండు భాగాలు చేసుకున్నారు. మధ్యలోని వరండా ఎవరిదో మాత్రం తేలలేదు. నేను జాకెట్లు కుట్టేది అక్కడే. చుట్టూ గోదాములు లేచి జాగల ధర పెరిగేకొద్దీ ఆ వరండా మీద గొడవ కూడా పెరిగింది.

అన్నం వడ్డిస్తుంటే బయట దబదబ చప్పుడు. వెళ్లి చూస్తే మరిది గడ్డపారతో వరండా పిట్టగోడను పొడుస్తున్నాడు.

“ఏందిరా గిది? ఆపు!” అని మా ఆయన అతని చెయ్యి పట్టుకున్నాడు.

“నా జాగల నేను గోడ కట్టుకుంట. నువ్వెవనివి ఆపనీకి?”

మరిది విదిలించుకుని గడ్డపార తిప్పాడు. అది మా ఆయన ముంజేతికి తగిలింది. ఎముక విరిగిన చప్పుడు నాకు వినబడింది. ఆయన అక్కడే కూలబడ్డాడు. మిషన్ మీదున్న కత్తెర అందుకుని మరిది మీద పడ్డాను. భుజంలో దిగింది. చర్చికి వేసుకెళ్లిన అతని తెల్లచొక్కా ఎర్రబడింది. అతని భార్య, అంటే మా యారాలు, వెనక నుంచి నా జుట్టు పట్టి గుంజింది. నేను తన మణికట్టు కొరికాను. మేము కిందపడి దొర్లుతుండగా మరిది మిషన్‌ను ఒంటిచేత్తో ఎత్తి మెట్ల మీదికి విసిరాడు. ఇనుప తల రెండు ముక్కలైంది.

ఆసుపత్రి, పోలీస్ స్టేషన్ అన్నీ అయ్యాక చర్చి పెద్దలు మమ్మల్ని కూర్చోబెట్టారు. రెండు వైపులా కేసులు వెనక్కి తీసుకోవాలని, మిషన్ మాత్రం మరిదే కొనివ్వాలని తేల్చారు. నా మొహం చూడనన్నాడు మరిది. అందుకని యారాలు నా వెంట మేడ్చల్ వచ్చింది. బస్సులో ఒకే సీటులో కూర్చున్నాం. తన మణికట్టు మీద నా పళ్ల గుర్తులు ఇంకా నల్లగా ఉన్నాయి.

“అక్కచెల్లెండ్లా అమ్మా?” అని అడిగాడు దుకాణం ఆయన. యారాలు మణికట్టు మీదికి కొంగు లాక్కుంది. పూలూ లతలూ దానంతటదే కుట్టే తేలికపాటి మిషన్ చూపించాడు. నాకు చూడగానే నచ్చింది. యారాలు తన సంచిలోంచి పాత జీన్స్ ప్యాంటు తీసి, మడతల మీద మడతలు పెట్టి, “గిది కుట్టి సూపియ్యి” అంది. మిషన్ మూలిగి ఆగిపోయింది. పక్కనే మోటారు బిగించిన నల్ల మిషన్ అవే మడతలను అలవోకగా కుట్టేసింది.

“బొంతలు గుడ్తనంటివి గద అక్కా. గా పూల మిషన్ ఏం పనికొస్తది?” అంది. నల్ల మిషన్ తల మీద చెయ్యి పెట్టి, “గిదైతే ఎత్తి పారేసుడు గూడ కష్టమే” అంది.

బొంతల మాట నేనెప్పుడో అన్నది. తనకు గుర్తుంది. నల్లదే తెచ్చుకున్నాం.

మొదటి బొంత నన్ను ఏడిపించింది. పైన జాకెట్ ముక్కల అతుకులు, మధ్యలో దుప్పటి, కింద పాత చీర. పొరలు ఒకదాని మీద ఒకటి జారి ముడతలు పడేవి. కసిగా తొక్కితే సూది విరిగి వేలిలో గుచ్చుకుంది. పంటితో ముక్కను పీకేసి, ఆ బొంతను పరపరా చింపేశాను.

“గట్ల గాదు. ముందుగాల చేత్తోని నడిమిల నుంచి పొడుగు కుట్లేయాలె. గప్పుడు జారదు,” అంది యారాలు, విరిగిన పిట్టగోడ అవతల నుంచి. తర్వాత గోడ దాటి వచ్చి తనే సూది అందుకుంది.

రెండో బొంత సగమయ్యేసరికి మరిది చూశాడు.

“నన్ను పొడిసినదాని కాడ కూసుంటవా?” అంటూ వచ్చి యారాలిని చెంప మీద కొట్టాడు. పెదవి చిట్లింది. వీపు మీద తన్నాడు. నేను ఇటుక అందుకునేలోపే తను లేచి, ఇంకా మానని అతని భుజంలో బొటనవేలు దించి గట్టిగా నొక్కింది. మరిది అరుస్తూ మోకాళ్ల మీద పడ్డాడు. తను చెయ్యి తియ్యలేదు.

“ఇంకోపారి చెయ్యి లేపు. గీ సారి కేసు నేనే పెడ్త. ఎవ్వలు జెప్పినా వాపస్ తీసుకోను.”

మా ఆయన కట్టు కట్టిన చేత్తో గుమ్మంలో నిలబడి, “ఇగ ఇడువమ్మా” అన్నాక వదిలింది. మరిది కొన్నాళ్లు నాగారంలో స్నేహితుడి దగ్గర ఉండి తిరిగి వచ్చాడు. గోడ మాట మళ్లీ ఎత్తలేదు. చెయ్యి కూడా ఎత్తలేదు, ఇప్పటివరకు.

తన పెదవి నెత్తురు పడిన ముక్కను విప్పి మార్చి, ఆ రెండో బొంతను యారాలు కౌకూర్‌లో ఉన్న వాళ్ల అమ్మకు ఇచ్చింది. ఇప్పుడు షామీర్‌పేట నుంచి కూడా పాత చీరలు తెచ్చి కుట్టించుకుంటున్నారు. వరండాలో మరిది అడుగు వినబడితే మా ఇద్దరి చేతులూ ఆగుతాయి. అతను లోపలికి వెళ్లాకే మళ్లీ మిషన్ నడుస్తుంది.